పాటకి వాటాదారులు: కోనసీమలో ఒక జానపద పాప్ బ్యాండ్ కేస్ స్టడీ

ఈ కేసులో బ్యాండు పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. రాయొద్దని వాళ్ళే అడిగారు. మన డెల్టాలో సొంతంగా పాటలు కట్టుకుని స్టేజీ ఎక్కే బ్యాండ్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి గనక తెలిసినవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. పోల్చుకుంటే మీలోనే ఉంచుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అమలాపురంలో మా నాన్న కాలం నుంచి మాకు మైకు సెట్టు షాపు. హారన్ స్పీకర్లని కొబ్బరి చెట్టుకి కట్టే రోజుల నుంచి లైన్ అర్రేల దాకా వచ్చింది. ఇప్పుడు అద్దెల పని తమ్ముడు చూసుకుంటున్నాడు. నేను కొన్ని బ్యాండ్లకి సౌండు, బుకింగు, లెక్కలు, కాగితాలు చూస్తాను. కొత్తగా బ్యాండు పెట్టుకున్న పిల్లలు "అన్నా, వ్యూస్ ఎలా తెచ్చుకోవాలి" అంటూ వస్తారు. వాళ్ళకి ఈ కేసే చెప్తాను. ఇందులో వ్యూస్ సంగతి తక్కువ. ఒక పాటలో ఎవరికెంత ఉందో తేల్చుకోక మంచి బ్యాండు చీలిపోయే దాకా వెళ్ళింది. తేల్చుకున్నాక మళ్ళీ నడుస్తోంది.

మొదలు

2017లో కాకినాడలో ఇంజినీరింగు చదువుతున్న ముగ్గురు. గిటారు రాజోలు కుర్రాడు, కీబోర్డు తణుకు కుర్రాడు, పాడేది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరి పిల్ల. అందరిలాగే కాలేజీ ఫెస్టుల్లో సినిమా పాటలతో మొదలెట్టారు. చప్పట్లు బాగానే పడేవి, కానీ చప్పట్లు పాటకి పడేవి, వీళ్ళకి కాదు. అదే పాట ఇంకో బ్యాండు పాడినా అవే చప్పట్లు.

మలుపు ఎక్కడ తిరిగిందంటే, ఒకసారి టైము మిగిలితే ఆ అమ్మాయి తన మామ్మ దగ్గర నేర్చుకున్న ఊడ్పుల పాట ఒకటి అందుకుంది. గిటారు కుర్రాడు రెండే రెండు కార్డ్స్ (స్వరాల జోడింపులు) మీటుతూ నెమ్మదిగా వెంట వెళ్ళాడు. హాలు సద్దుమణిగింది. ఆ తర్వాత ద్రాక్షారామం వైపు గుడి మేళం కుటుంబం నుంచి ఒక సన్నాయి కుర్రాడు, కొత్తపేట వైపు నుంచి ఒక డప్పు కళాకారుడు వచ్చి చేరారు. డప్పాయన మిగతావాళ్ళకంటే పదిహేనేళ్ళు పెద్ద. అందరూ "బాబాయ్" అనే పిలుస్తారు.

2019 ఫిబ్రవరిలో స్పాటిఫై అనే పాటల యాప్ మన దేశంలోకి వచ్చింది. అదే ఏడాది వీళ్ళు ఆ ఊడ్పుల పాటని రికార్డు చేసి, ఒక డిస్ట్రిబ్యూటరు ద్వారా అన్ని యాప్‌లలోకీ పంపారు. అక్కడ పెద్దగా కదల్లేదు. టిక్‌టాక్‌లో మాత్రం పల్లవి ముక్క ఒకటి పాకిపోయింది. పొలం గట్ల మీద, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో ఎక్కడ చూసినా అదే. 2020 జూన్ 29న టిక్‌టాక్ మీద నిషేధం వచ్చింది, ఆ ముక్కా దానితోపాటే పోయింది. చేతికి రూపాయి రాలేదు. పాట ఊరంతటికీ తెలుసు, పాడినవాళ్ళు ఎవరికీ తెలీదు. లాక్‌డౌన్లో ప్రోగ్రాములు లేక ఖాళీగా ఉన్నప్పుడు గిటారు కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు.

మామ్మ ఇచ్చిన పాటలు

నేను ముందుగా అడిగింది ఒకటే: ఈ పాటలు ఎక్కడివి? "మా మామ్మ పాడుతుందండి" అంది ఆ అమ్మాయి. సరే, మామ్మ దగ్గరికే వెళ్దాం అన్నాను.

అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది ఆవిడ. ఫోను పక్కన పెట్టి పాడమంటే మొహమాటమేం లేకుండా అందుకుంది, చేతిలో పని ఆపలేదు. లయ మొత్తం ఆ గింజ పళ్ళెంలో పడే చప్పుడులోనే ఉంది. పాట అయ్యాక అంది: "ఇది నాది కాదురా అబ్బాయ్. మా పెద్దత్త నోట విన్నది. ఆవిడ పాడినట్టు నాకు రాదు." ఇంకో చరణం ఉందా మామ్మా అంటే, "ఉందిగానీ మగపిల్లల ముందు పాడేది కాదు" అని మనవరాలిని లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసి పాడింది. గోడకి ఇవతల మేమంతా నేల చూపులు. ఆ చరణాన్నే అమ్మాయి తర్వాత కాస్త మార్చి కట్టింది. ఇప్పుడు స్టేజీ మీద జనం అడిగి మరీ పాడించుకునేది దాన్నే.

ఊడ్పులకి ఇప్పుడు బెంగాలు నుంచి కూలీలు దిగుతున్నారు. వాళ్ళ పాటలు వాళ్ళకున్నాయి. మన ఆడవాళ్ళ నోట ఊడ్పుల పాట చేలో వినే అవకాశం ఈ తరానికి దాదాపు లేదు. కాబట్టి అరుగు మీద పాడిన పాట ఎవరి నోట ఎలా వచ్చిందో రాసిపెట్టుకోవడం సెంటిమెంటు కోసం కాదు, పనిలో భాగం. గోదావరి ప్రాంతంలో నేదునూరి గంగాధరం గారిలాంటి వాళ్ళు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. ఆ సంకలనాలు తిరగేస్తే మామ్మ పాటకి దగ్గరి చుట్టాలు కనిపిస్తాయి. పల్లవి ఒకటే, చరణాలు వేరు. అంతర్వేది వైపు మరోలా పాడతారు.

చట్టం ప్రకారం చూస్తే, రాసినవాళ్ళెవరో తెలియకుండా నోటి నుంచి నోటికి వచ్చిన పాటకి యజమాని లేడు. జానపద సాహిత్యాన్ని విడిగా కాపాడే కాపీరైటు చట్టం మనకి లేదు. అంటే ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మామ్మ గొంతు అలా కాదు. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షను ప్రకారం పాడినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు ఉంటుంది, 50 ఏళ్ళు నిలుస్తుంది. ఫోనులో తీసిన ఆవిడ గొంతునే పాట మొదట్లో వాడుకోవాలని కుర్రాళ్ళ కోరిక. అందుకని ఒక పేజీ కాగితం తెలుగులో రాసి, ఆవిడ ముందు చదివి వినిపించాం. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"పేరు వేస్తారు సరే, ఫోటో వేస్తారా?"

"వద్దంటే వేయం మామ్మా."

"వద్దని ఎవరన్నారు?"

ఎవరో రాసిన పాట అయితే లెక్క వేరు. వీళ్ళకి ఎంకి పాట ఒకటి పాడాలని సరదా పుట్టింది. ఎంకి పాటలు రాసిన నండూరి సుబ్బారావు గారు 1957లో పోయారు. రచయిత పోయిన 60 ఏళ్ళకి సాహిత్యం మీద హక్కు తీరిపోతుంది గనక 2018 నుంచి ఆ మాటలు ఎవరైనా వాడుకోవచ్చు. అయితే మన చెవిలో ఉన్న వరసలు తర్వాత ఎవరో కట్టినవి, వాటి గడువు వేరే లెక్క. కొత్త వరస కట్టుకోమన్నాను. ఆ పాట ఇప్పటికీ సగంలోనే ఉంది, అది వేరే సంగతి.

క్లెయిము

2021లో రెండో పాట యూట్యూబులో పెట్టిన మర్నాడే కంటెంట్ ఐడీ (పాటల్ని పోల్చి చూసే యూట్యూబు మెషీను) నుంచి క్లెయిము వచ్చింది. అదే జానపద పల్లవితో ఎప్పుడో వచ్చిన క్యాసెట్టు ఒకటి ఉందట, దాని హక్కులు ఒక ఆడియో కంపెనీ దగ్గర ఉన్నాయి. మెషీను వరసని పోల్చి, మన వీడియో మీద వచ్చే డబ్బు వాళ్ళకి మళ్ళించింది. అమ్మాయి భయపడిపోయింది, చానలు తీసేస్తారేమో అని.

కొత్తవాళ్ళంతా ఇక్కడే కంగారు పడతారు. క్లెయిము వేరు, స్ట్రైకు వేరు. హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేస్తే పడేది స్ట్రైకు, అవి మూడు పడితే చానలు పోతుంది. క్లెయిము వస్తే చానలుకేం కాదు, డబ్బు మాత్రం పక్కకి పోతుంది. మనది న్యాయమనుకుంటే డిస్ప్యూటు వేయాలి. క్లెయిము వచ్చిన 5 రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచి వచ్చే డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. ఆలస్యమైతే వేసిన రోజు నుంచే ఆపుతారు, అంతకుముందుది పోయినట్టే. అవతలివాళ్ళకి 30 రోజుల గడువు. వాళ్ళు పలక్కపోతే క్లెయిము దానంతటదే పోతుంది.

మా దగ్గరున్న ఆధారాలు ఏమిటంటే, మామ్మ పాడిన ఫోను ఫైలు తేదీతో సహా ఉంది. చరణాల్లో ఏవి ఆవిడవి, ఏవి అమ్మాయి రాసినవి అన్నది నోటుబుక్కులో ఉంది. రికార్డింగు మొత్తం మాది, క్యాసెట్టు నుంచి ఒక్క చుక్క తీసుకోలేదు. పల్లవి ఎవరి సొత్తూ కాదు. ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాసి పంపాం. నవల రాసినంత రాస్తే ఎవరూ చదవరు. గడువు ముగియకుండానే కంపెనీ క్లెయిము వదిలేసింది.

ఆ రోజు నుంచి ప్రతి పాటకీ ఒక పేజీ పెట్టాం. దానికి కుర్రాళ్ళు పెట్టిన పేరు "జాతకం". పాట ఎవరిచ్చారు, ఏ ఊళ్ళో, మాటలెవరివి, వరస ఎవరిది, ఏది మార్చారు, ఎవరు ఏం వాయించారు, ఐఎస్ఆర్‌సీ నంబరు (ప్రతి రికార్డింగుకీ ఉండే గుర్తింపు సంఖ్య) ఎంత, ఏ డిస్ట్రిబ్యూటరు, ఏ రోజు విడుదల. పాట బయటికి వెళ్ళకముందే అందరూ దాని మీద సంతకం పెట్టాలి. నా పనిలో నేను చేయించిన వాటిల్లో అన్నిటికంటే చౌకైనదీ, అన్నిటికంటే గొడవ తెచ్చిందీ ఇదే.

డప్పు బాబాయ్

గొడవ ఎందుకంటే, ఆ పేజీలో మాటలు, వరస, అమరిక అని మూడు గడులు గీశాం. ఏ గడిలోనూ బాబాయ్ పేరు లేదు. అప్పటిదాకా ఆయనకి ప్రోగ్రాముకింత అని చేతిలో పెట్టేవారు. మిగతా నలుగురూ ఖర్చులు పోను మిగిలింది భాగాలు వేసుకునేవారు. ఎవరూ మోసం చేద్దామని చేసింది కాదు. ముందునుంచీ అలా జరిగిపోయింది, ఎవరూ అడగలేదు.

బాబాయ్ అడిగాడు. రావులపాలెంలో టిఫిను హోటలు పైన గదిలో మీటింగు. సంతకం పెట్టమని పేజీ ముందుకు జరిపితే ఆయన దాన్ని మెల్లగా వెనక్కి జరిపాడు. "మీరంతా పంచుకుంటారు, నాకేమో ఇస్తారు. అదేం లెక్క అమ్మాయ్?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఇంకెవరూ పెసరట్టు ముట్టుకోలేదు.

డప్పు ఎవరు వాయిస్తారో, ఊళ్ళో వాళ్ళని ఎక్కడ నిలబెట్టేవారో మనందరికీ తెలుసు. స్టేజీ మీదికి డప్పు వచ్చింది, కొట్టినవాడు మాత్రం స్టేజీ దిగగానే కూలీవాడిగానే మిగిలాడు. ఈ మాట బ్యాండు పిల్లలకి చెప్తే బాధపడ్డారు, కానీ వాదించలేదు.

కీబోర్డు కుర్రాడు మాత్రం వాదించాడు. "లయ అందరిదీ అన్నా. ఆ దెబ్బ జాతరలో ఎవరైనా కొడతారు. అమరిక చేయడానికి నేను రాత్రుళ్ళు కూర్చున్నాను" అన్నాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. చట్టంలో సంగీత కృతి అంటే సంగీతం, దాన్ని కట్టినవాడు కంపోజరు. ఒక లయ ముక్క మీద ఎవరికి హక్కు అన్నది కోర్టులో తేలడం కష్టం. కోర్టులో తేలనిదాన్ని మనం చెవితో తేల్చుకోవచ్చు అన్నాను. షాపుకి తీసుకొచ్చి, ఒక్కో వాద్యం విడివిడిగా ఉన్న మల్టీట్రాకు తెరిచి, కీబోర్డు ట్రాకులు మూసి ఒకసారి, డప్పు ట్రాకు మూసి ఒకసారి వినిపించాను. కీబోర్డు లేకపోతే పాట పలచబడింది. డప్పు లేకపోతే రెండో చరణం తర్వాత పాట కూలబడింది. అది పాటలా లేదు, పాడుకోవడంలా ఉంది.

చివరికి కుదిరిన లెక్క ఇది. పాట మీద ఏ రూపంలో వచ్చినా, 100 రూపాయలు వస్తే ముందు 10 పాట ఇచ్చిన మనిషికి, అంటే ఈ పాటకైతే మామ్మకి. 20 బ్యాండు నిధికి: తీగలు, రిపేర్లు, తర్వాతి రికార్డింగు, రేపు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే. మిగిలిన 70లో అయిదుగురికీ తలా 14. ఎవరు రాశారు, ఎవరు కట్టారు అనే తేడా లేదు. స్టేజీ డబ్బులోనూ అదే పద్ధతి, ఖర్చులు ముందు తీసేసి.

సమానంగా పంచడమే ధర్మం అని నేను అనను. మరో బ్యాండులో మాటలు రాసేవాడికి ఎక్కువ ఇస్తారు, అదీ న్యాయమే. ఎంతైనా సరే, విడుదలకి ముందు కాగితం మీద ఉండాలి, అంతే. ఇక్కడ కీబోర్డు కుర్రాడికి ఆ లెక్క నచ్చలేదు. 2022లో వెళ్ళిపోయాడు. పాత పాటల్లో అతని 14 అతనికి వెళ్తూనే ఉంది, ఎవరూ ఆపలేదు. ఇప్పుడు హైదరాబాదులో సినిమా పనిలో ఉన్నాడు. కాగితం ఉండబట్టే ఇవాళ ఎదురుపడితే మాట్లాడుకోగలుగుతున్నారు.

అతను వెళ్ళినప్పుడే బ్యాండు పేరు సంగతీ తేల్చాం. భాగస్వామ్య ఒప్పందం రాయించి, పేరుని 41వ క్లాసులో ట్రేడ్‌మార్కుకి పెట్టాం, వినోద కార్యక్రమాలు దాంట్లోకే వస్తాయి. చిన్న సంస్థలకి ఆన్‌లైనులో ఒక క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు, రిజిస్టరైతే 10 ఏళ్ళకోసారి రెన్యువలు. పేరు బ్యాండుది, బయటికెళ్ళినవాళ్ళది కాదు అని ఒప్పందంలోనే ఉంది.

పద్నాలుగు పేజీల కాగితం

అదే ఏడాది ఒక మ్యూజిక్ లేబులు నుంచి ఆఫరు. అయిదు పాటలకి ఒకేసారి డబ్బు. కాంట్రాక్టు ఇంగ్లీషులో పద్నాలుగు పేజీలు. అదే సమయంలో గిటారు కుర్రాడి నాన్నగారి రొయ్యల చెరువు వైట్ స్పాట్ తెగులు వచ్చి పోయింది. ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో రొయ్యలు వేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుర్రాడు సంతకానికి సిద్ధంగా ఉన్నాడు.

చదివితే, పాటలన్నీ శాశ్వతంగా ప్రపంచమంతటికీ రాసిచ్చేయాలి, యూట్యూబు చానలు అప్పగించాలి, మూడేళ్ళు ఇంకెవరికీ పాడకూడదు. "శాశ్వతంగా" అని రాయడమే తెలివి. ఎందుకంటే ఎంతకాలమో రాయకపోతే 19వ సెక్షను ప్రకారం 5 ఏళ్ళే అనుకోవాలి, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. రాసిస్తే మాత్రం రాసిందే చెల్లుతుంది. 2012 సవరణ తర్వాత మాటల, వరసల రచయితలు రాయల్టీలో తమ సమాన వాటాని వదులుకున్నట్టు రాసినా అది చెల్లదు. కానీ దాన్ని వసూలు చేసుకోవాలంటే ఐపీఆర్ఎస్‌లాంటి సొసైటీలో సభ్యులై ఉండాలి. అప్పటికి మనవాళ్ళెవరూ కారు. అమ్మాయినీ గిటారు కుర్రాడినీ ఆ వారమే చేర్పించాం.

మేం తిరిగి పంపింది ఒక పేజీ. అమ్మకం కాదు, కొన్నేళ్ళకి లైసెన్సు. ఆడియో మాత్రమే. మా చానలు మా దగ్గరే, దాని మీద మీరు క్లెయిము వేయకూడదు. పాట ఇచ్చినవాళ్ళ పేరు ప్రతిచోటా. వాళ్ళు ఒప్పుకోలేదు. మేమూ వదిలేశాం. గిటారు కుర్రాడికి ఇంటికి కావలసిన మొత్తం బ్యాండు నిధి నుంచి కొంత, సంక్రాంతి బుకింగుల అడ్వాన్సుల నుంచి కొంత సర్దాం. నిధిలో 20 పక్కన పెడుతున్నప్పుడు గొణిగినవాళ్ళెవరూ తర్వాత గొణగలేదు.

2022 మేలో అమలాపురం అల్లర్లప్పుడు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ వారమే మూడో పాట విడుదల. హార్డు డిస్కు పట్టుకుని రాజమండ్రి వెళ్ళి అక్కణ్ణించి ఎక్కించాం. మన పాట మన ఊళ్ళోనే చివర వినిపించింది.

సీజను

బయటివాళ్ళు బ్యాండు సంపాదన అంటే యాప్‌లు అనుకుంటారు. స్పాటిఫైలో 2024 నుంచి, అంతకుముందు ఏడాది కాలంలో 1,000 సార్లు కూడా వినబడని ట్రాకుకి రాయల్టీ లేదు. చిన్న బ్యాండుకి ఎన్ని పాటలున్నాయన్నది కాదు, గీత దాటినవి ఎన్ని అన్నదే లెక్క. మా బ్యాండుకి రాబడిలో పెద్ద ముక్క స్టేజీదే, ఆ స్టేజీ డెల్టా క్యాలెండరుని బట్టి నడుస్తుంది. సార్వా కోతలయ్యాక చేతిలో డబ్బు ఆడుతుంది, ఊళ్ళో ఉత్సాహం వస్తుంది. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం నుంచి యానాం దాకా అందరికీ అదే సాయంత్రం కావాలి. మాఘంలో తీర్థాలు, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, శివరాత్రి, తర్వాత పెళ్ళిళ్ళు. ఆషాఢం వస్తే ఫోను మోగదు.

అందుకని ఆషాఢం, శ్రావణం మొదట్లో రికార్డింగు పెట్టుకుంటాం. సంక్రాంతి రోజులకి సగం అడ్వాన్సు లేనిదే డేటు ఇవ్వం. "మన కుర్రాళ్ళే కదా" అని ఫోను చేసే పెద్దవాళ్ళకి నేనే జవాబు చెప్తాను, పిల్లల చేత చెప్పించను. మొహమాటపడేది పిల్లలు, నష్టపోయేదీ వాళ్ళే.

ప్రభల తీర్థాల్లో మాత్రం స్టేజీ వేయం. 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటం అదే అయ్యాక ఆ తీర్థం జరిగే జగ్గన్నతోట మీద అందరి కళ్ళూ పడ్డాయి, ఆఫర్లూ వచ్చాయి. కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద చేలల్లోంచి, కౌశిక నది దాటి వస్తుంటే, "శరభ శరభ" కేకల మధ్య, డోళ్ళూ సన్నాయిల మధ్య మన స్పీకర్లు పెట్టుకుంటే అది దొంగతనంలా ఉంటుంది. సన్నాయి కుర్రాడు ఆ రోజు తన మేళంతోనే వెళ్తాడు.

పన్ను సంగతి అందరూ తప్పుగా చెప్తారు గనక చెప్పాలి. జానపద, శాస్త్రీయ కళారూపాల్లో కళాకారుడు చేసే ప్రదర్శనకి, తీసుకున్నది 1.5 లక్షలు దాటకపోతే జీఎస్టీ లేదు. 2017 నాటి 12వ నోటిఫికేషనులో ఉంది. గిటారు, బేసు పెట్టుకున్న బ్యాండు జానపదమా కాదా అని ఆఫీసరు అడిగితే ఏం చెప్తారు? మా ఆడిటరు సలహా మీద పాటల జాబితాని ప్రతి ఇన్వాయిసుకీ జత చేస్తున్నాం. సినిమా పాటలు కలిపి పాడమన్న కార్పొరేటు ప్రోగ్రాములకి ఆ మినహాయింపు అడగం. కంపెనీలు ముందే 10 శాతం పన్ను (టీడీఎస్) కోసుకుంటాయి. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్ళు రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది. బాబాయ్‌కి పాన్ కార్డు తీయించి, మొదటి రీఫండు బ్యాంకులో పడ్డ రోజు ఆయన మెసేజి స్క్రీను నాకు రెండుసార్లు పంపాడు.

మంచు, మంట, శృతి

ఇది నా సొంత పని గనక కాస్త ఎక్కువ రాస్తాను.

మన దగ్గర జానపద పాప్ ప్రోగ్రాము అంటే జనవరి రాత్రి, ఆరుబయట, కాలువ పక్కన. తొమ్మిది దాటాక మంచు దిగుతుంది. డప్పు తోలు తేమ పీల్చి వదులవుతుంది, దెబ్బ "ధప్" అని చచ్చిపోతుంది. సన్నాయి గాలి వాద్యం, చలికి శృతి కిందికి జారుతుంది. గిటారు తీగలు చలికి బిగిసి శృతి పైకి పోతుంది. అంటే పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఎదురెదురు దిక్కులకి నడుస్తున్నారు. ఆడియన్సుకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో తెలీదు.

సన్నాయిది ఒకటే శృతి, మన కుర్రాడిది రెండున్నర (గిటారు లెక్కలో డీ షార్ప్). కాబట్టి అందరూ సన్నాయికే లోబడాలి. గిటారుకి కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ట్యూనరులో మామూలు కొలత 440 హెర్ట్జే ఉండాలని మొండికేయకుండా, సౌండు చెక్కులో సన్నాయి ఊదించి దాని ప్రకారం సరిచేసుకుంటాడు. ప్రోగ్రాము సగంలో మళ్ళీ ఓసారి. రెండు పాటల మధ్య అమ్మాయి మాట్లాడేది అందుకే. జనం అది ముచ్చట అనుకుంటారు.

డప్పుకి మంట కావాలి. స్టేజీ వెనక గడ్డి మంట వేస్తే షామియానా వాడి గుండె ఆగిపోతుంది. ఇనప గమేళాలో కొబ్బరి పీచు వేసి, పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచుతాం. ఇది బుకింగు కాగితంలోనే రాసి ఉంటుంది. ఫైబరు డప్పులున్నాయి, బోల్టులతో బిగించుకోవచ్చు, మంచుకి లొంగవు. బాబాయ్ దగ్గరా ఒకటుంది. వాన పడితే అదే గతి. కానీ తోలు డప్పులో ఉండే కింది గుమ్మడం దాంట్లో లేదు, ఎంత ఈక్వలైజరు తిప్పినా రాదు.

డప్పుకి మైకు దగ్గర పెట్టక్కర్లేదు. అసలే అమ్మాయి మైకులోకి అది సగం వచ్చేస్తుంది. ఆయన్ని ఆమె వెనక కాకుండా పక్కకి, మైకు వెనక భాగం ఆయన వైపు తిరిగి ఉండేలా నిలబెడితే గొంతు విడిగా వినిపిస్తుంది. గిటారుని మిక్సరుకి సరిగ్గా కలిపే డీఐ బాక్సు తప్పనిసరి. జనరేటరు మీద నడిచినప్పుడు ఎర్తింగు సరిగ్గా లేకపోతే 50 హెర్ట్జ్ గుంయ్ మని ప్రోగ్రాము మొత్తం వెంటాడుతుంది, షాకు కొట్టే ప్రమాదం కూడా. తడి నేల మీద ఎర్తు చూడకుండా నేను ఎవర్నీ మైకు ముట్టుకోనివ్వను.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకరు పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. ఆ సడలింపు ఉందనే మాట నోటితో వింటే చాలదు, పర్మిషను కాపీ చూస్తేనే పది దాటాక వాయిస్తాం. కమిటీ వాళ్ళు కోప్పడితే కోప్పడనీ, కేసు పడేది మైకు సెట్టు వాడి మీదే.

ఇప్పుడు

నిరుడు ఒక సినిమా నిర్మాత మనిషి వచ్చాడు. ఊడ్పుల పాట కావాలి. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను జాతకం పేజీ తీసి ముందు పెట్టాను: పల్లవి, మొదటి చరణం ఎవరివీ కావు. కావాలనుకుంటే వాళ్ళు మన మొహం చూడకుండానే ఇంకెవరి చేతైనా పాడించుకోవచ్చు, మనం ఆపలేం. మన దగ్గర అమ్ముకోవడానికి ఉన్నవి అమ్మాయి రాసిన రెండు చరణాలు, మన రికార్డింగు, మన పేరు. బేరం అంతవరకే ఆడాలి.

మేం పెట్టిన షరతులు మూడు. టైటిల్సులో పాట ఇచ్చినవారిగా మామ్మ పేరు. థియేటరు బయట వచ్చే రాయల్టీలో చట్టం ఇచ్చిన సమాన వాటా అమ్మాయికి అలాగే ఉండాలి, అది బ్యాండు లెక్కలోకి వస్తుంది. సినిమాలో ఆ పాట మళ్ళీ రికార్డు చేస్తే డప్పు బాబాయే వాయించాలి, వాయించినందుకు విడిగా పారితోషికం. మొదటి రెంటికీ వాళ్ళ లాయరు సరేనన్నాడు. మూడోది సంగీత దర్శకుడి ఇష్టం అంటున్నారు. సంగీత దర్శకుడికి బాబాయ్ వాయించిన ట్రాకు ఒక్కటే, పాట లేకుండా పంపాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా సంక్రాంతికి పాలకొల్లు, రాజోలు డేట్లు అడ్వాన్సుతో సహా ఖాయమయ్యాయి. సన్నాయి కుర్రాడు కనుమ నాడు ఎలాగూ దొరకడు.